రోగి కోరిన కత్తి వైద్యుడు ఇవ్వాలా?

ముక్కును తీర్చిదిద్దే సర్జరీలో డాక్టరుకు ముడిసరుకు మృదులాస్థి. ముక్కు కొనలో, చెవి డొప్పలో వేలికి తగిలే మెత్తటి ఎముక అది. మొదటిసారి సర్జరీ చేసేటప్పుడు రెండు నాసారంధ్రాల మధ్య ఉండే అడ్డుగోడ నుంచి కొంత ముక్క తీసి, కొనకు ఆసరాగానో వంపు సరిచేయడానికో వాడతారు. అదే ముక్కును రెండోసారి కోయాల్సి వస్తే ఆ గోడలో తీయడానికి పెద్దగా మిగిలి ఉండదు. అప్పుడు చెవి డొప్ప నుంచి తెచ్చుకోవాలి. అదీ చాలకపోతే ఛాతీ మీద గాటు పెట్టి పక్కటెముక దగ్గరి మృదులాస్థిని తీయాలి. కోసిన ప్రతిసారీ లోపల గట్టిపడిన మచ్చ మిగులుతుంది, రక్తప్రసరణ కొంత దెబ్బతింటుంది, పని మరింత కష్టమవుతుంది. మొదటి సర్జరీ వాపు పూర్తిగా దిగడానికే దాదాపు ఏడాది పడుతుంది. అందుకే మళ్లీ చేయాలనుకున్నా కనీసం ఏడాది ఆగమని సర్జన్లు చెబుతారు. కానీ కొందరు ఆగలేరు. కట్టు విప్పిన కొద్దిరోజులకే అద్దంలో కొత్త లోపం కనిపిస్తుంది. ‘ఇంకాస్త సరిచేయండి’ అంటూ మళ్లీ క్లినిక్ మెట్లెక్కుతారు. ముక్కు అయ్యాక గడ్డం, గడ్డం అయ్యాక కనురెప్పలు. ఇలాంటి వారు డబ్బు చేతపట్టుకుని ఎదురుగా కూర్చుంటే డాక్టరు ఏం చేయాలి?

ఆగాలి. ఆగి, ఆ మనిషి అడుగుతున్నదేమిటో, ఆ మనిషికి నిజంగా కావలసిందేమిటో విడదీసి చూడాలి. రెండూ ఒకటి కాదని తేలితే కత్తి పక్కన పెట్టాలి. రోగి కోరేదీ పాలే, వైద్యుడు ఇచ్చేదీ పాలే అని మన సామెత. కోరిన మందే దొరికితే రోగికి సంతోషం, ఇచ్చేవాడికీ సుఖం. కాస్మెటిక్ సర్జరీలో ఈ సుఖం ప్రమాదకరంగా మారుతోంది. రోగి అడిగేదీ సర్జరీయే, క్లినిక్‌కు ఆదాయం తెచ్చేదీ సర్జరీయే. ఇద్దరూ ఒప్పుకున్నాక వద్దనే మూడో మనిషి ఆ గదిలో ఉండడు. వద్దనాల్సిన బాధ్యత డాక్టరుదే అవుతుంది. ఆ బాధ్యతను ఆయన మంచితనానికి వదిలేయకుండా అందరికీ వర్తించే నియమంగా మార్చాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. హద్దు అనగానే చాలామందికి అంకె గుర్తొస్తుంది. మనిషికి మూడు సర్జరీలనో, అయిదనో గీత గీయడం తేలిక, కానీ తప్పు. ప్లాస్టిక్ సర్జరీ పుట్టిందే పోయిన రూపాన్ని తిరిగి ఇవ్వడానికి. తెగిన ముక్కును మళ్లీ కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. పుణె ప్రాంతంలో కావస్జీ అనే ఎడ్లబండి తోలేవాడికి నుదుటి చర్మంతో ముక్కు కట్టిన తీరును 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ బొమ్మతో సహా ప్రచురిస్తే, ఐరోపా వైద్యులు దాన్ని చూసి నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిల్లీస్ ఇంగ్లండ్‌లో చేసిన సర్జరీలు ఈ విద్యకు ఆధునిక రూపమిచ్చాయి. వారిలో ఎందరికో ఒకదాని తర్వాత ఒకటిగా అనేక సర్జరీలు జరిగాయి. ఈనాడు యాసిడ్ దాడికి గురైన అమ్మాయికి, ఒళ్లు కాలినవారికి, గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు కూడా ఏళ్ల తరబడి సర్జరీలు అవసరమవుతాయి. వారిలో ఎవరినీ సర్జరీకి బానిసలని అనలేం. కనుక ఎన్నిసార్లు అన్నది కొలబద్ద కాదు. ఎందుకు అన్నదే కొలబద్ద. ఒక్క సర్జరీ కూడా చేయకూడని మనిషి ఉండవచ్చు, ఇరవై సర్జరీలు చేయవలసిన మనిషీ ఉండవచ్చు.

ఆ ‘ఎందుకు’ దగ్గరే అసలు విషయం ఉంది. సర్జరీ వ్యసనం అని వాడుకలో అంటున్నాం కానీ మానసిక వైద్య గ్రంథాల్లో ఆ పేరుతో జబ్బు లేదు. పదే పదే సర్జరీలకు వెళ్లేవారిలో కొందరి వెనక వేరొక జబ్బు ఉంటుంది. దాని పేరు బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్. క్లుప్తంగా బీడీడీ అంటారు. ఎదుటివారికి కనిపించని, కనిపించినా లెక్కలోకి రాని లోపం తన రూపంలో ఘోరంగా ఉందని నమ్మి కుమిలిపోవడం దీని లక్షణం. ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 19వ శతాబ్దం చివర్లోనే దీన్ని గుర్తించి వర్ణించారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1987లో తన జబ్బుల పట్టికలో దీనికి ఇప్పటి పేరు పెట్టింది, 2013లో దీన్ని ఓసీడీ, అంటే ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వెంటాడే జబ్బు, కుటుంబంలో చేర్చింది. చేతులు ఎంత కడిగినా శుభ్రం కాలేదనిపించే మనిషికీ, ముఖం ఎంత దిద్దినా బాగుపడలేదనిపించే మనిషికీ మనసులో జరిగేది దాదాపు ఒకటే. ఈ జబ్బున్నవారు రోజుకు గంటలకొద్దీ అదే ఆలోచనలో ఉంటారు. అద్దం కనిపిస్తే ఆగి చూసుకుంటారు, లేదా ఇంట్లో అద్దాలన్నీ కప్పేస్తారు. ఫొటో దిగరు. పెళ్లికి పిలిస్తే వెళ్లరు. ‘నా ముక్కు వంకరగా ఉందా’ అని ఇంట్లోవాళ్లను వందసార్లు అడుగుతారు, లేదంటే నమ్మరు. ఇది సాధారణంగా పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో మొదలవుతుంది. దీన్ని అందం పిచ్చి అని కొట్టిపారేయకూడదు. ప్రాణం మీద విరక్తి కలిగేంత బాధ ఇందులో ఉంది.

జనాభాలో నూటికి సుమారు ఇద్దరికి ఈ జబ్బు ఉంటుందని వివిధ దేశాల సర్వేలు చెబుతున్నాయి. కాస్మెటిక్ సర్జరీ కోసం వచ్చేవారిలో మాత్రం నూటికి పదమూడు మంది దాకా, ముక్కు సర్జరీ అడిగేవారిలో ఇరవై మంది దాకా ఉంటారని పరిశోధనలన్నింటినీ క్రోడీకరించిన ఒక సమీక్ష తేల్చింది. అంటే క్లినిక్‌కు వచ్చే ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరు తప్పు తలుపు తట్టి ఉండవచ్చు. వారిలో చాలామంది మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లరు. లోపం మనసులో ఉందని వారు అనుకోరు, ముఖంలోనే ఉందనుకుంటారు. అందుకే వారిని మొదట చూసేది సర్జన్, లేదా చర్మవ్యాధుల డాక్టరు. గుర్తుపట్టే అవకాశం మొదట వారికే దక్కుతుంది.

మరి సర్జరీ చేస్తే ఏమవుతుంది? బీడీడీ ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన అధ్యయనాల్లో కాస్మెటిక్ చికిత్సల వల్ల జబ్బు దీర్ఘకాలంలో తగ్గిన సందర్భాలు చాలా అరుదుగా కనిపించాయి. ఒక అధ్యయనంలో అవి నూటికి రెండు మూడుకు మించలేదు. కొందరికి కోసిన భాగం మీద దిగులు తగ్గినా, అది మరో భాగం మీదికి మళ్లింది. కొందరిలో ఇంకా పెరిగింది. అద్దం చూపే ముఖాన్ని సర్జన్ మార్చగలడు. ఆ ముఖాన్ని చూసే చూపును మార్చలేడు. బీడీడీ ఉన్నవారి మెదడును స్కానింగ్‌లో పరిశీలించినప్పుడు, ముఖాన్ని మొత్తంగా కాకుండా చిన్న చిన్న వివరాలుగా విడదీసి చూసే ధోరణి కనిపించింది. అలాంటి చూపుకు ఏ ముక్కూ సరిగ్గా ఉండదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, లేని లోపాన్ని దిద్దబోయి ఉన్న ముక్కును పాడుచేసుకున్నవారు ఇలాగే తయారవుతారు. నష్టం డాక్టరుకూ ఉంది. అమెరికా కాస్మెటిక్ సర్జన్ల మధ్య జరిపిన ఒక సర్వే 2002లో వెలువడింది. రోగికి బీడీడీ ఉందని సర్జరీ అయ్యాకే తెలిసిందని అందులో నూటికి 84 మంది చెప్పారు. అలాంటి రోగుల నుంచి కోర్టు బెదిరింపో, భౌతిక దాడి బెదిరింపో ఎదుర్కొన్నవారు నూటికి 40 మంది. మరోవైపు, ఈ జబ్బుకు పనిచేసే వైద్యం ఉంది. ఆలోచనల తీరును, అద్దం చూసుకునే అలవాటును మెల్లగా మార్చే సీబీటీ అనే మానసిక చికిత్స, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు చాలామందికి మేలు చేస్తాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2005లోనే ఈ రెండింటినీ సిఫార్సు చేసింది. మందు ఒకచోట ఉండగా కత్తి మరోచోట ఆడుతోంది.

డాక్టరు వద్దనాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే. ‘ఒళ్లు నాది, డబ్బు నాది, పెద్దదాన్ని, సంతకం పెడుతున్నాను, వద్దనడానికి డాక్టరెవరు?’ తన శరీరం మీద తనకున్న హక్కు చిన్నదేమీ కాదు. అందం కోసం సర్జరీ చేయించుకోవడం నేరం కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. చేయించుకున్నవారిలో ఎక్కువమంది సంతృప్తిగానే ఉంటారు. అయితే సంతకం వేరు, సమ్మతి వేరు. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు, రోగి సమ్మతి నిజమైనది కావాలంటే చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదాలు, ఇతర మార్గాలు రోగికి తగినంతగా తెలియాలని చెప్పింది. బీడీడీ ఉన్న మనిషి బ్యాంకు లెక్కలు చూసుకోగలడు, ఉద్యోగం చేయగలడు, ఓటు వేయగలడు. కానీ ఏ విషయంలో సంతకం పెడుతున్నాడో సరిగ్గా ఆ ఒక్క విషయంలోనే జబ్బు అతని తీర్పును కమ్మేసి ఉంటుంది. సర్జరీతో జీవితమంతా చక్కబడుతుందన్న నమ్మకమే ఆ సంతకం పెట్టిస్తుంది. ఆ నమ్మకం తప్పని తెలిసి కూడా కాగితం ముందుకు జరిపితే, డాక్టరు రోగి స్వేచ్ఛను గౌరవించినట్టు కాదు, రోగి జబ్బుకు తలవంచినట్టు.

చట్టం ఈ చిక్కును ఎంతవరకు తీర్చగలదో న్యూయార్క్‌లో నడిచిన ఒక కేసు చూపిస్తుంది. ఒక మహిళ సుమారు ఆరేళ్లలో యాభైకి పైగా సార్లు ఒకే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు వెళ్లి చిన్నవీ పెద్దవీ ఎన్నో చికిత్సలు చేయించుకున్నారు. నాకు బీడీడీ ఉందని ఆయన గుర్తించి మానసిక వైద్యుడి దగ్గరకు పంపాల్సిందంటూ తర్వాత కోర్టుకెక్కారు. ఆమెకు ఆ జబ్బు ఉందనడానికి, దానివల్ల సమ్మతి చెప్పే శక్తి దెబ్బతిందనడానికి తగిన ఆధారం లేదంటూ ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2001లో డాక్టరు పక్షాన నిలిచింది. ఆ తీర్పు చట్టపరంగా సబబే కావచ్చు. కానీ మనం అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. అన్నిసార్లు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ‘అసలు మీ బాధ ఏమిటి’ అని అడిగే ఘట్టం ఒక్కటైనా తప్పనిసరిగా ఉండాల్సింది కాదా? నష్టం జరిగాక ఎవరిది తప్పో కోర్టు తేలుస్తుంది. జరగకముందు ఆపాల్సింది వైద్యమే.

మన దగ్గర కూడా ఈ ప్రశ్న తలెత్తింది. 2016లో హైదరాబాద్‌లో ఓ యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడానికి రెండు కాళ్ల ఎముకలు కోయించుకునే సర్జరీ చేయించుకున్నాడు. అతను అప్పటికే ఐదడుగుల ఏడంగుళాల ఎత్తున్నాడని పత్రికల్లో వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. కొడుకు కనిపించడం లేదని తల్లిదండ్రులు పోలీసుల దగ్గరకు వెళ్తే అతను ఆసుపత్రి మంచం మీద దొరికాడు. ఎముకను కోసి, రెండు ముక్కలను బయటి చట్రానికి బిగించి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక పెరుగుతుంది. పుట్టుకతో కాలు పొట్టిగా ఉన్నవారికో, ప్రమాదంలో ఎముక పోగొట్టుకున్నవారికో వరమైన ప్రక్రియ అది. కోలుకోవడానికి నెలలు పడుతుంది. కుర్రవాడు మేజర్, సమ్మతి ఇచ్చాడని వాదన వచ్చింది. అయినా తెలంగాణ రాష్ట్ర వైద్య మండలి ఆ డాక్టరు రిజిస్ట్రేషన్‌ను రెండేళ్లు సస్పెండ్ చేసింది. ఆ యువకుడికి మానసిక జబ్బు ఉందని ఎవరూ తేల్చలేదు, అలా అనడం తగదు కూడా. ఆ ఉదంతం చెప్పేది వేరొకటి: పెద్దవాడు అడిగాడన్న ఒక్క కారణం చాలదని మన వైద్య వ్యవస్థే ఒకసారి గట్టిగా చెప్పింది.

రెండో అభ్యంతరం డాక్టర్ల నుంచి తరచుగా వచ్చేదే. ‘నేను వద్దంటే పక్క వీధిలో చేయించుకుంటారు. అక్కడ నాకంటే అధ్వాన్నంగా చేస్తారు. దానికంటే నేను చేయడమే నయం కదా?’ ఇందులో నిజముంది. అమెరికాలో గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్ 2007 నవంబరులో కాస్మెటిక్ సర్జరీ జరిగిన మర్నాడు మరణించారు. ఆరోగ్య పరీక్షల ఫలితాలు చూడకుండా చేయనని అంతకుముందు మరో సర్జన్ ఆమెకు చెప్పారు. ఆ జాగ్రత్త ఆ ఒక్క క్లినిక్ గడప దాటలేదు. అయితే ఆ విషాదం నుంచి కాలిఫోర్నియా నేర్చుకున్న పాఠం మరోలా ఉంది. మంచి డాక్టర్లు కూడా చేతులెత్తేయాలని కాకుండా, అలాంటి సర్జరీలకు ముందు శారీరక పరీక్ష, వైద్యపరమైన అనుమతి అందరికీ తప్పనిసరి చేస్తూ 2009లో ఆమె పేరుతోనే చట్టం తెచ్చింది. ఒక్కడే వద్దంటే రోగి పక్క వీధికి వెళ్తాడు. ప్రతి వీధిలోనూ అదే నియమం ఉంటే అతనికి ఆగి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

అలాంటి నియమం ఆచరణలో ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా చూపించింది. 2023 జులై నుంచి అక్కడ కాస్మెటిక్ సర్జరీ కావాలంటే ముందు జనరల్ డాక్టరు నుంచి సిఫార్సు పత్రం తేవాలి. సర్జరీ చేసే డాక్టరు బీడీడీ వంటి జబ్బుల కోసం ప్రామాణికమైన ప్రశ్నావళితో పరీక్షించాలి. కనీసం రెండుసార్లు సంప్రదింపులు జరగాలి. ఆ తర్వాత కూడా కనీసం ఏడు రోజులు ఆగాలి. బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు రోగి మానసిక అవసరాలను చూడమంటాయి, ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వమంటాయి, కాస్మెటిక్ చికిత్సలను బహుమతులుగా ప్రకటించవద్దంటాయి. మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం, అత్యవసర పరిస్థితిలో తప్ప ఎవరికి వైద్యం చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ డాక్టరుకు ఉంది. అంటే వద్దనడానికి చట్టం అడ్డు కాదు. రోగులను ప్రకటనలతో ఆకర్షించడం అనైతికమనీ అదే నియమావళి చెబుతోంది. సర్జరీకి ముందూ తర్వాతా ఫొటోలతో నిండిన సోషల్ మీడియా పేజీలు చూస్తే ఆ మాట ఎంత అమలవుతోందో అర్థమవుతుంది. యూట్యూబ్ చూసో, వర్క్‌షాపుకు వెళ్లో నేర్చుకున్నంత మాత్రాన సౌందర్య చికిత్సలు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లు చేయడానికి సరిపోదని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది. ఎవరు చేయాలన్నది అక్కడ తేలింది. ఎవరికి చేయకూడదన్నదీ అంతే స్పష్టంగా తేలాలి.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. పెళ్లి ప్రకటనలో ‘తెల్లగా, నాజూగ్గా’ అని రాసే సమాజం, పెళ్లిచూపుల్లో అమ్మాయిని తల నుంచి పాదం దాకా కొలిచే సమాజం, చివరికి సర్జరీకి వెళ్లిన అమ్మాయినే రోగి అనడం అన్యాయం కాదా? నిజమే. కోరిక ప్రతిసారీ జబ్బు కాదు. ఎవరు ఎందుకు వచ్చారో నిదానంగా అడగకుండా ముద్ర వేయడం మరో రకం క్రూరత్వం. పైగా జబ్బు తేలికపాటి స్థాయిలో ఉన్నవారికి ముక్కు సర్జరీ మేలు చేసిందని బ్రెజిల్‌లో జరిగిన ఒక అధ్యయనం చెబుతోంది. అందుకే ప్రశ్నావళిలో మార్కులు ఎక్కువ వచ్చాయని తలుపు మూసేయమని ఎవరూ అనకూడదు. సర్జన్ మానసిక వైద్యుడు కాడు, కావాల్సిన అవసరమూ లేదు. అనుమానం వచ్చినచోట ఆగి, తెలిసినవారి దగ్గరకు పంపితే చాలు. గుండె తేడాగా కొట్టుకుంటే కార్డియాలజిస్టు చూసి చెప్పేదాకా మత్తు ఇవ్వరు కదా. మనసు తేడాగా ఉన్నప్పుడూ అంతే జాగ్రత్త అడుగుతున్నాం. సమాజం చేసిన గాయం కూడా కత్తితో మానేది కాదు. పోలికల వల్ల పుట్టిన దిగులుకు మరో పోలిక మందు కాలేదు.

చేయాల్సినవి కొండంత పనులు కావు. ‘రోజుకు ఎంతసేపు దీని గురించి ఆలోచిస్తారు? దీనివల్ల ఏ పనులు మానేశారు? ఇంతకుముందు ఎవరు చేశారు, అప్పుడు సంతృప్తి కలిగిందా? ఇది సరైతే మీ జీవితంలో ఏం మారుతుందనుకుంటున్నారు?’ ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి పది నిమిషాలు చాలు. ఆ జవాబులు విన్నాక వద్దనాల్సి వస్తే, ఆ మాట ఎలా అంటారన్నదే కీలకం. ‘నీకేం లేదు, వెళ్లు’ అంటే ఆ మనిషి మరో క్లినిక్‌కు వెళ్తాడు. ‘అమ్మా, మీ బాధ నిజమైనది. కానీ దానికి మందు నా కత్తిలో లేదు. ఉన్నచోటికి నేనే చిట్టీ రాసి పంపుతాను, నెల తర్వాత మళ్లీ నా దగ్గరకు రండి’ అంటే ఆమె నమ్మే అవకాశం ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆమె బాధను ఎవరూ నిజమని ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోవడంతోనే వైద్యం మొదలవుతుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. పిల్లలు అద్దం ముందు గంటలు గడుపుతుంటే ‘సోకులు’ అని ఎగతాళి చేయకండి. ముక్కు, రంగు, ఎత్తు పేరుతో చనువు కొద్దీ పెట్టే పేర్లు మానేయండి. బయటికి రావడం మానేశారంటే, అదే లోపం గురించి పదే పదే అడుగుతున్నారంటే మానసిక వైద్యుడికి చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇక డాక్టర్లకు, వైద్య మండళ్లకు ఒకటే విన్నపం. చేయగలిగినదంతా చేయడం నైపుణ్యమే. చేయగలిగీ, చేయకూడదని తెలిసినచోట ఆగడం వైద్యం. అలా ఆగిన డాక్టరుకు నష్టం కలగని రోజు రావాలి, ఆగని డాక్టరు జవాబు చెప్పుకోవాల్సిన రోజు రావాలి. అందుకు తగిన నియమాన్ని మరో ప్రాణం పోయేదాకా ఆగకుండా ఇప్పుడే రాసుకోవాలి.